కంచరివీధి గొట్టంలో అక్రమ కట్టడాలు

చీమలవలస పట్టణంలో ఏ రోగం ఏ క్రిమి వల్ల వచ్చిందో తెలుసుకోవడానికి పూర్వం మూడు రోజులు పట్టేది. నమూనా మున్సిపల్ ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో ఉన్న ప్రయోగశాలకి వెళ్లేది. అక్కడ దాన్ని గాజు పళ్లెంలో మేత మీద రాసి, వెచ్చటి పెట్టెలో ఉంచేవారు. బాక్టీరియా తీరిగ్గా తిని, పెరిగి, కంటికి కనబడేంత గుంపు కట్టాక దాని పేరేమిటో కనుక్కునేవారు. ఈలోగా రోగికి నయమైపోయేది. లేకపోతే చుట్టాలు విశాఖపట్నం తీసుకుపోయేవారు. అదీ కాకపోతే ఇక రిపోర్టుతో పని ఉండేది కాదు. ఎలా జరిగినా పురపాలక సంఘానికి ఇబ్బంది లేదు. పట్టణ ఆరోగ్యపాలన మొత్తం ఆ మూడు రోజుల మీదే నిలబడి ఉందన్న సంగతి, ఆ మూడు రోజులూ పోయేదాకా ఎవరికీ తెలియలేదు.

అవి పోవడానికి కారణం ఒక యంత్రం. టిఫిన్ కారియర్ అంత ఉంటుంది. నమూనా దానిలో పెట్టి మూత వేస్తే, బాక్టీరియా పెరిగి పెద్దయ్యేదాకా ఆగదు. దాని జన్యువుల ఆనవాలు పట్టుకుని గంటలో పేరు చెప్పేస్తుంది. దానికోసం ప్రయోగశాల అధికారి డాక్టర్ పొట్నూరు ఇందుమతి పైవాళ్లకి ఎన్నిసార్లు రాసిందో ఆమెకే గుర్తులేదు. వచ్చిన రోజున దానికి బొట్టు పెట్టి, దాని ముందు కూర్చుని టీ తాగింది. ఇందుమతికి నలభై దాటాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెకి ఒకటే బాధ. అందరికీ నిజమే చెప్పింది గానీ ఎవరికీ వేళకి చెప్పలేదు.

యంత్రం వచ్చిన పక్షానికి, ఒక గురువారం పొద్దున్నే, కంచరివీధి నుంచి ఎల్లారమ్మ ఆటోలో దిగింది. కంచరివీధి అంటే ఇత్తడి బిందెలూ గంగాళాలూ చేసేవాళ్ల వీధి. ఆ వీధి మనిషి నోట మాట కూడా సుత్తి దెబ్బల్ని దాటుకుని వినబడాలి కాబట్టి, ఎల్లారమ్మ గొంతు ఆస్పత్రి గేటు దగ్గరే మొదలైంది. ఆటోలో ఆవిడ కోడలు పార్వతి ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి. నర్సులు లోపలికి మోసుకుపోయి సెలైన్ పెట్టారు.

"రేతిరి కాడ్నించి ఒకటే ఇరోసనాలు, డాకటేరమ్మా," అంది ఎల్లారమ్మ వరండాలో ఇందుమతిని పట్టుకుని. "బియ్యం కడిగిన నీల్లలాగ పోతంది. మా ఈదిలో ఇంకా నలుగురైదుగురు ఇలాగే పడిపోనారు."

"తాగే నీళ్లు ఎక్కడివి?"

"ఎక్కడివేటమ్మా, కుళాయివే. ఈ మజ్జిన కంపు కొడతన్నాయి. ఇంజినీరు బాబుకి సెప్పినాం. కొత్త నీల్లు అలాగే ఉంతాయన్నాడు."

బియ్యం కడిగిన నీళ్లన్న మాటకే ఇందుమతికి ఆ రోగమేమిటో అనుమానం తగిలింది. అదే ఆటో ఎక్కి కంచరివీధికి వెళ్లి, కుళాయి నీళ్లు పట్టి తెచ్చి, వడకట్టి, పార్వతి నమూనాతో పాటు యంత్రంలో పెట్టింది. భోజనాల వేళకి రెండిటికీ ఒకే పేరు వచ్చింది. కలరా.

ఆమెకి మొట్టమొదట కలిగింది సంతోషం. వెంటనే అందుకు సిగ్గుపడింది. కానీ సంతోషం అబద్ధం కాదు. రోగం ఇంకా వీధిలో ఉండగానే దాని పేరు తెలియడం ఆమె జీవితంలో ఇదే మొదలు. ఆ కుళాయి ఒక్కటి కట్టేస్తే చాలు. అన్నం డబ్బా మూత తీయకుండానే అక్కడ వదిలేసి, కమిషనరు ఆఫీసుకి పరుగెత్తింది.

కమిషనరు కిల్లి వైకుంఠరావు మర్యాదస్తుడు. ఎవరినీ కసురుకోడు, ఎవరికీ పని చేసిపెట్టడు. రిపోర్టుని ముందు ఒకసారి, తిరగేసి వెనక ఒకసారి చదివాడు. వెనక ఏమీ లేదు.

"నమూనా ఎప్పుడు సేకరించారు, డాక్టరు గారూ?"

"ఈ ఉదయం, సార్."

"మరి నివేదిక?"

"అదే, సార్, మీ చేతిలో ఉన్నది."

వైకుంఠరావు ఆ కాగితాన్ని వేడి గిన్నెలాగ బల్ల మీద పెట్టేశాడు.

"తమ ఉత్సాహాన్ని నేను అభినందిస్తున్నాను. కానీ నియమావళి ఏమంటోంది? మూడు పనిదినములు గడిచిన పిదప అందిన నివేదికపై తగు చర్య గైకొనవలెను. గంటలో అందిన దానిపై ఏం చేయవలెనో అందులో లేదు. రేపు ఆడిట్ వారు వస్తారు. ఇంత త్వరగా ఎలా తేలిందంటారు. పరీక్ష చేయకుండానే రాసేశారంటారు."

"యంత్రం వచ్చింది కద, సార్."

"యంత్రం వచ్చింది. సవరణ ఉత్తర్వు రాలేదు." ఆయన ప్యూన్‌ని పిలిచి, రిపోర్టుని తపాలా సెక్షన్‌లో ఉంచమనీ, మంగళవారం వరకు ఎవరూ ముట్టుకోవద్దనీ చెప్పాడు. "పరిపక్వత రావాలి. ప్రస్తుతానికి ఇది అపరిపక్వ నివేదిక."

"మంగళవారం దాకా వాళ్లు ఆ నీళ్లే తాగుతారు, సార్!"

"అదొక చిక్కు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది." కిటికీలోంచి గేటు పక్కనున్న పచ్చ బోర్డు చూపించాడు. కలరా రహిత పట్టణం అని తెల్లటి అక్షరాలు. "పోయినేడాది కౌన్సిలు ఏకగ్రీవంగా తీర్మానించింది. సదరు తీర్మానం అమలులో ఉన్నంతకాలం ఈ పట్టణ పరిధిలో కలరా ఉండుటకు వీలు లేదు."

"ఆ సంగతి బాక్టీరియాకి తెలియదు, సార్."

"చట్టం తెలియదనుట సమర్థన కానేరదు, డాక్టరు గారూ."

ఇందుమతి కుర్చీ అంచుకి జరిగింది. "పేరు మీ ఇష్టం వచ్చింది పెట్టుకోండి, సార్. కుళాయి మాత్రం కట్టించండి."

"నీరు ఆపాలంటే కారణం రాయాలి. కలరా అని రాద్దామా, అది లేదు. లేదని రాద్దామా, ఆపడానికి కారణం లేదు." వైకుంఠరావు నిజంగానే నొచ్చుకున్నాడు. ఆయనకి ప్రజలంటే ద్వేషమేమీ లేదు. కానీ వాళ్లు ఫైలుకి అవతల ఉన్నారు. "అయినా మిమ్మల్ని ఉత్త చేతులతో పంపించను. ఉపసంఘం వేస్తున్నాను. అత్యవసర ప్రాతిపదికన రేపు మధ్యాహ్నం సమావేశం."

ఆ సాయంత్రం ఇందుమతి కంచరివీధిలో ఇల్లిల్లూ తిరిగింది. నీళ్లు మరగబెట్టుకోమంది, క్లోరిన్ బిళ్లలు పంచింది, విరోచనాలు మొదలవగానే ఆస్పత్రికి రమ్మంది. ఎల్లారమ్మ ముందు నడుస్తూ, "కుళాయి నీల్లు గాని ముట్టుకున్నారా, నాను ఊరుకోను!" అని కేకలేసింది. వీధి సగం దాటారో లేదో, వెనక నుంచి మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. "వదంతులు నమ్మకండి. పురపాలక నీరు సురక్షితం. నిర్భయంగా సేవించండి. ఇట్లు, నీటి సరఫరా విభాగం." ఆ ఆటో వీధి చివరిదాకా వెళ్లి, తిప్పుకుని, మళ్లీ వచ్చింది. మరగబెట్టడానికి పొయ్యి ఎక్కించిన గిన్నెలు కొన్ని ఇళ్లలో కిందికి దిగాయి.

తెల్లారేసరికి వార్డు నిండి వరండాలో చాపలు పరిచారు. పార్వతికి మూడో సీసా ఎక్కుతోంది గానీ నాడి ఇంకా అందీ అందకుండా ఉంది. ఆ వీధిలోనే ధనుంజయాచారి అని, ఆలయాల గంటలు పోతపోసే ముసలాయన, ఆస్పత్రి గేటు దాటకుండానే ప్రాణం విడిచాడు. మరణ కారణం కలరా అని ఇందుమతి తానే రాసి పంపింది. పట్టణ పరిధిలో ఆ జబ్బు లేదు కాబట్టి రికార్డు సెక్షన్ వారు దిద్ది, వయోభారం అని రాశారు.

ఉపసంఘం సమావేశం మున్సిపల్ హాలులో జరిగింది. బల్ల మీద బిస్కెట్లు, ఒక్కొక్కరి ముందూ సీలు వేసిన నీళ్ల సీసా. అధ్యక్షుడు వైకుంఠరావు. ఆయనకి కుడిపక్కన నీటి సరఫరా ఇంజినీరు తారకేశ్వరరావు. ఎడమపక్కన పట్టణ ప్రణాళికాధికారి జామి భూషణం. భూషణానికి ఈ వ్యవహారంతో సంబంధమేమీ లేదు. ఉపసంఘానికి ముగ్గురుండాలి కాబట్టి పిలిచారు. ఆయన వచ్చి, కళ్లద్దాలు తీసి, కళ్లు మూసుకున్నాడు.

"రికార్డు నిమిత్తం," అన్నాడు కమిషనరు. "గుర్తించబడిన జీవి పూర్తి పేరు చెప్పండి."

"విబ్రియో కలరే, సార్."

"అందులో ఇంటిపేరు ఏది?"

ఇందుమతి విసుక్కోబోయి ఆగిపోయింది. తీరా చూస్తే ప్రశ్నలో తప్పులేదు. "మొదటిదే, సార్. విబ్రియో ఇంటిపేరు. కలరే అసలు పేరు. మన పద్ధతే."

"శుభం. విబ్రియో వారు స్థానికులేనా?"

"ఇంజినీరు గారి గొట్టంలో దొరికాయి, సార్."

తారకేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "ఇది అభ్యంతరకరం! మా విభాగం సరఫరా చేసేది నీరు. నీరు నా బాధ్యత. నీటితో పాటు ఇంకెవరైనా ప్రయాణం చేస్తే అది నా బాధ్యత కాదు. పైగా క్లోరిన్ కలుపుతున్నట్టు మా ఫైల్లో ఏ రోజుకారోజు స్పష్టంగా ఉంది."

"ఫైల్లో కలిపారు, సార్. నీళ్లలో కలపలేదు," అంది ఇందుమతి. "ఈ ఉదయం ఒక పెద్దాయన పోయాడు. ముప్ఫైమంది నేల మీద పడుకుని ఉన్నారు. మేం ఒకరికి నయం చేసి పంపించేలోగా ఆ కుళాయి ఇంకో ఇద్దరిని పంపిస్తోంది."

వైకుంఠరావు సీసా మూత తిప్పి ఒక గుక్క తాగాడు. "ఆ విచారం మాకూ ఉంది. కానీ విచారానికి ఒక పద్దు ఉండాలి గదా, డాక్టరు గారూ. ఏ పద్దు కింద ఆపమంటారు?"

అప్పుడు భూషణం కళ్లు తెరిచాడు. నిద్రలో చెవినపడ్డ ముక్క ఏదో ఆయన్ని కుట్టినట్టుంది.

"ఒక్క నిమిషం. ఆ గొట్టం ఎవరిది?"

"పురపాలక సంఘానిది," అన్నాడు ఇంజినీరు.

"అందులో ఇవి ఉంటున్నాయా?"

"ఉంటున్నాయండీ," అంది ఇందుమతి.

"అనుమతి ఉందా?"

ఇందుమతి ఆయన వంక చూసింది. వెక్కిరిస్తున్నాడేమోనని చూసింది. భూషణం మొహంలో వెక్కిరింత లేదు. ఎక్కడో ఎవరో ప్లాను లేకుండా గోడ లేపుతున్నారని కబురందినప్పుడు వచ్చే ఎరుపు మాత్రం ఉంది.

"లేదండీ," అంది నెమ్మదిగా. "ఏ అనుమతీ లేదు."

"ఎంతమంది?"

"లెక్కకి అందవు. పూట పూటకీ పెరిగిపోతున్నాయి."

"ఉండటం మటుకేనా? కట్టడాలేమైనా?"

ఇందుమతి భూషణం వైపు తిరిగి కూర్చుంది. తను చదువుకున్న పుస్తకాలన్నీ ఒకసారి కళ్లముందు కదిలాయి. వాటిలో ఎక్కడా ఈ ప్రశ్న లేదు. కానీ జవాబు ఉంది. "కడతాయండీ. గొట్టం లోపలి గోడకి జిగురులాంటి పొర కట్టుకుంటాయి. దానిలో దాక్కుంటాయి. ఆ పొర మీద ఇంకో పొర వేస్తాయి."

"అంటే అంతస్తులు!" భూషణం బల్ల మీద చరిచాడు. బిస్కెట్లు ఎగిరాయి. "గోడకీ కట్టడానికీ మధ్య ఖాళీ ఏమైనా వదిలాయా?"

"వెంట్రుకవాసి కూడా వదల్లేదండీ. గోడకి ఆనించే కట్టాయి."

"చూశారా, సార్!" ఆయన కమిషనరు వైపు తిరిగాడు. "పురపాలక స్థిరాస్తి నందు, పూర్వానుమతి లేకుండా, బహుళ అంతస్తుల నిర్మాణాలు! రోజురోజుకీ విస్తరణ! ఇది ఆరోగ్య సమస్య అని ఎవరన్నారు? ఇది శుద్ధ ఆక్రమణ!"

వైకుంఠరావు మొహం విచ్చుకుంది. నిన్నటి నుంచి వెతుకుతున్న పద్దు దొరికింది. అయినా జాగ్రత్తపరుడు కనుక అడిగాడు. "మూడు పనిదినముల నిబంధన?"

"అది ప్రయోగశాల నివేదికకండీ. ఆక్రమణ తొలగింపు తక్షణమే."

"ఏకగ్రీవ తీర్మానం?"

"కలరా రహితం అన్నారు గానీ, ఆక్రమణ రహితం అని ఎక్కడా అనలేదు, సార్. తీర్మానానికి మచ్చ రాదు." భూషణం ఏదో స్ఫురించి ఆగాడు. "ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం."

"అయితే ఇంకేం! కాసేపట్లో కోర్టు కట్టేస్తారు. సోమవారం దాకా ఎవరూ స్టే తెచ్చుకోలేరు. ఈ సాయంత్రమే కానిచ్చేద్దాం."

ఇంజినీరు మళ్లీ లేచాడు. "నా గొట్టం పగలగొడతారా?"

"గొట్టం మీదేనని ఇప్పుడే చెప్పారు. అందులో ఎవరు ప్రయాణం చేసినా మీకు బాధ్యత లేదని ఇందాక చెప్పారు. అక్రమ నివాసానికి ఆశ్రయమిచ్చినవారి మీద ఏ సెక్షను ఉందో చెప్పమంటారా?"

తారకేశ్వరరావు కూర్చున్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. ఆక్రమణదారులు ఫలానా వారని గెజిటెడ్ అధికారి ఎవరైనా ధ్రువీకరించాలి. కమిషనరు తెల్లకాగితం ఇందుమతి ముందుకి జరిపాడు. "సదరు విబ్రియో వారు అక్రమ నివాసులని రాసివ్వగలరా, డాక్టరు గారూ?"

ఇందుమతి కలం పట్టుకుని కూర్చుంది. నిన్న, ఉన్న నిజాన్ని ఉన్నట్టు రాసిచ్చింది. అది తపాలా సెక్షన్‌లో పండుతోంది. ఇప్పుడు రాయబోయేది వింటే, ఆమెకి పాఠం చెప్పిన మేష్టరు గారు తల పట్టుకునేవారు. వరండాలో చాపలు గుర్తొచ్చాయి. గుర్తు రాగానే ఇక ఆలోచించలేదు. నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టింది.

పొద్దు వాలకముందే జేసీబీ కంచరివీధిలోకి వచ్చింది. దాని వెనక భూషణం జీపు, ఇద్దరు పోలీసులు, నిన్నటి మైకు ఆటో. భూషణం కుళాయి దిమ్మ మీద నోటీసు అంటించి, అందరికీ వినబడేలా చదివాడు.

"కంచరివీధి మంచినీటి గొట్టము నందు అనుమతి లేకుండా నివాసముంటున్న శ్రీ విబ్రియో కలరే మరియు వారి కుటుంబ సభ్యులకు ఇందుమూలముగా తెలియజేయునది. మీరు నిర్మించుకొనిన కట్టడములు అక్రమమని తేలినందున, వాటిని మీ ఖర్చులతో తక్షణమే తొలగించవలెను. లేనిచో మేమే తొలగించి, ఖర్చులు మీ వద్ద వసూలు చేయబడును."

వీధి వీధంతా బయటికొచ్చింది. సుత్తుల చప్పుడు ఆగింది. ఎల్లారమ్మ ఇందుమతి చెవి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాననుకుని, వీధి చివరికి వినబడేలా అడిగింది.

"ఆ బాబు ఎవులికి సెప్తన్నాడమ్మా?"

"నీళ్లలో ఉన్న క్రిములకి."

"అవి ఇంతాయేటి?"

"వినవు ఎల్లారమ్మా. జేసీబీ డ్రైవరు వింటాడు."

అప్పుడే వార్డు కౌన్సిలరు మోటార్ సైకిలు మీద దూసుకొచ్చాడు. తన వార్డులో ఎవరినో ఖాళీ చేయిస్తున్నారని ఫోను వచ్చిందట. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు. జేసీబీ ముందు చేతులు చాచి నిలబడ్డాడు. "నా శవం మీద నుంచి పోనివ్వండి! పేదల జోలికొస్తే సహించేది లేదు! ఎన్ని కుటుంబాలు?"

"లెక్కకి అందవు," అన్నాడు భూషణం.

కౌన్సిలరు గొంతు ఇంకా పెరగబోయి, మధ్యలో ఆగింది. "ఓట్లు ఎక్కడున్నాయి వాళ్లకి?"

"ఎక్కడా లేవు."

కౌన్సిలరు చేతులు దించాడు. గుండీలు సరిచేసుకున్నాడు. "మరి మొదలెట్టరేం? పొద్దుపోతోంది," అని పక్కకి తప్పుకుని, ఫొటోలో పడేచోట నిలబడ్డాడు.

జేసీబీ రోడ్డు తవ్వింది. మనిషి లోతు దిగేసరికి కంపు గుప్పున కొట్టి పోలీసులు కూడా వెనక్కి జరిగారు. మంచినీటి గొట్టం మురుగు కాలువ పక్కనుంచి పోవడం కాదు, కాలువలోనే పడుకుని ఉంది. రెండు అతుకుల మధ్య చేయి పట్టేంత పగులు. కాలువ అందులోకి తీరుబడిగా పారుతోంది. వీధంతా ఇంజినీరు వైపు తిరిగింది. తారకేశ్వరరావు ఆకాశం వైపు చూస్తూ, వాన వచ్చేలా ఉందన్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

భూషణం మాత్రం పగులు దగ్గర వంగి, విస్తుపోయి తలాడించాడు. "రాకపోకలకి దారి కూడా చేసుకున్నాయి. ఎంత ధైర్యం!"

గొట్టాన్ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పెకలించారు. స్వాధీనం చేసుకున్న సామగ్రి కింద లారీకెక్కించారు. తొలగించిన స్థలంలో మళ్లీ ఎవరూ చొరబడకుండా తెల్లగా హద్దులు వేయాలని నిబంధన. సున్నం తేవడం మరిచిపోయారు. ఇందుమతి ఆస్పత్రి స్టోరు తెరిపించి బ్లీచింగ్ పౌడరు బస్తాలు దింపించింది. హద్దులు బాగా మందంగా ఉంటే మంచిదని సలహా ఇచ్చింది. కాలువ, గొయ్యి, దిమ్మ అన్నీ తెల్లబడ్డాయి. కూల్చివేత వల్ల సక్రమ నివాసులకి అసౌకర్యం కలిగితే ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేయాలని ఇంకో నిబంధన ఉంది. భూషణం నిబంధనల విషయంలో నిక్కచ్చి మనిషి. దీపాలు పెట్టే వేళకి పక్క పట్టణం నుంచి శుభ్రమైన నీళ్ల ట్యాంకర్లు వచ్చి వరసగా నిలబడ్డాయి. నిన్నటి నుంచి ఇందుమతి కాళ్లావేళ్లా పడి అడిగిందల్లా, ఆమె అడగని చోటునుంచి ఒక్క పూటలో జరిగిపోయింది. ఆమెకి నవ్వొచ్చింది. ధనుంజయాచారి ఇంటి అరుగు మీద దీపం కనబడి ఆ నవ్వు ఆగిపోయింది.

ఆదివారానికి కొత్తవాళ్లు రావడం ఆగింది. బుధవారానికి వరండాలో చాపలు చుట్టేశారు. పార్వతి లేచి కూర్చుని, మజ్జిగన్నం అడిగి, చప్పగా ఉందని అత్తగారి మీద విసుక్కుంది. ఎల్లారమ్మ ఆ విసుగు విని కళ్లు తుడుచుకుంది. మంగళవారమే పరిపక్వమైన కలరా నివేదికని కమిషనరు తెప్పించుకుని, సదరు వీధిలో గొట్టమే లేనందున చర్య అవసరం లేదని రాసి మూసేశాడు. పత్రికలకి వెళ్లిన ప్రకటనలో, సూక్ష్మస్థాయి ఆక్రమణలను సైతం ఉపేక్షించని తొలి పురపాలక సంఘం తమదని ఉంది. రోగం మాట లేదు.

ఆ ప్రకటన పైవాళ్లకి నచ్చింది. నచ్చితే ఏదో ఒక ఉత్తర్వు రావాలి, వచ్చింది. ప్రజా ఆస్తులలో కంటికి కనబడని ఆక్రమణలను గుర్తించుటలో డాక్టర్ ఇందుమతి కనబరచిన అసాధారణ ప్రజ్ఞను పరిగణించి, ఆమెను పట్టణ ప్రణాళికా విభాగంలో సూక్ష్మ ఆక్రమణల గుర్తింపు అధికారిగా నియమించారు. గుర్తింపు అధికారి వెంట గుర్తింపు పరికరం కూడా వెళ్లాలి కనుక యంత్రాన్ని ఆమెతో పంపించారు. ప్రయోగశాల సీటు ఖాళీగా ఉంచకూడదు. ప్రణాళికా విభాగంలో హద్దులు గుర్తించడంలో పేరున్న సర్వేయరు చిన్నంనాయుడిని అక్కడ వేశారు.

ఇందుమతి ఉత్తర్వు రెండుసార్లు చదివింది. సెలవు పెడదామనుకుంది. రాజీనామా కూడా రాసి చింపేసింది. ఎన్నో ఏళ్లు కూర్చున్న రేకుల షెడ్డు, వెచ్చటి పెట్టె, గాజు పళ్లేలు, అన్నీ వదిలేసి, యంత్రాన్ని సంచిలో పెట్టుకుని, మెట్లెక్కి భూషణం పక్క బల్ల దగ్గర కూర్చుంది. ఆయన ఆదరంగా ఒక నోటీసుల పుస్తకం, ఒక రబ్బరు స్టాంపు, జేసీబీ డ్రైవరు ఫోను నంబరు ఇచ్చాడు.

రెండు వారాలు తిరగకుండానే ఎల్లారమ్మ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. కొంగులో ఒక సీసా దాచుకుని ఉంది.

"ఇక్కడున్నారేటమ్మా! మీ పాత సోటుకెల్తే, టేపు పట్టుకున్న బాబొకడున్నాడు. ఈ నీల్లు సూడు నాయనా అంతే, సీసా పొడుగెంతో, ఎడల్పెంతో కొలిసి, సరిగ్గానే ఉన్నాది పొమ్మన్నాడు."

"ఎక్కడి నీళ్లు?"

"మా మనవరాలి హాస్టలు బాయిలోవి. ఆడగుంటలందరికీ కడుపునొప్పి, జొరాలు. వార్డెనమ్మకి సెప్తే, పరీచ్చలంటే బయమేసి నాటకాలాడతన్నారంతాది."

ఇందుమతి సీసా అందుకుంది. గంటకి పేరు తెలిసింది. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా. ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఎక్కడికీ పరుగెత్తలేదు. ఎవరినీ బతిమాలలేదు. సంతకం పెట్టమని ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. నోటీసుల పుస్తకం దగ్గరికి లాక్కుని, బావిలో కుటుంబసమేతంగా కాపురముంటున్న సాల్మొనెల్లా వారికి తక్షణ ఖాళీ నోటీసు రాసి, స్టాంపు వేసి, బావికి తాళం, హాస్టలుకి ట్యాంకరు, పిల్లలందరికీ ఆస్పత్రిలో పరీక్షలూ మందులూ అని ప్రత్యామ్నాయ ఏర్పాట్ల కింద చేర్చింది. ఆస్పత్రికీ డ్రైవరుకీ ఫోన్లు చేసింది. ఇదంతా కావడానికి పట్టిన వేళలో, పూర్వమైతే ఆమె తపాలా సెక్షన్ గుమాస్తా టీ తాగి వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని ఉండేది.

ఎల్లారమ్మ ఆ పుస్తకాన్నీ, స్టాంపునీ, తెల్లకోటు లేని ఇందుమతినీ మార్చి మార్చి చూసింది. ఆమె మొహం దిగులుగా అయిపోయింది.

"అయితే తవరింక డాకటేరు కాదేటమ్మా?"

ఇందుమతి పుస్తకంలోంచి నోటీసు చించి మడతపెట్టింది. సంచీ భుజాన వేసుకుంది. కింద జేసీబీ వచ్చి హారను కొట్టింది.

"ఇప్పుడే అయ్యాను ఎల్లారమ్మా," అంది. "పద, నువ్వు కూడా ఎక్కుదువు గాని. హాస్టలుకి దారి చూపించాలి."